ఎమ్మెస్ అయ్యాక ఓపీటీ: రోజుల లెక్క తప్పకుండా దరఖాస్తు నుంచి స్టెమ్ పొడిగింపు దాకా

అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద చదివేవాళ్లకు ఓపీటీ, అంటే చదివిన రంగంలో కొంతకాలం పనిచేసే అనుమతి, చేజారిందంటే అర్హత లేక కాదు, సాధారణంగా తేదీ తప్పే. డీఎస్‌ఓ (విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల రికార్డులు చూసే అధికారి) సిఫారసు వచ్చిన 31వ రోజున ఫారం పంపినవాళ్లు, చదువు ముగిసిన 61వ రోజున నిద్రలేచినవాళ్లు, నిరుద్యోగం రోజుల్లో శని ఆదివారాలు కలపనివాళ్లు ఏటా దెబ్బతింటూనే ఉన్నారు. ఈ మార్గదర్శి చదువయ్యాక వాడుకునే పన్నెండు నెలల ఓపీటీ గురించి, దాని వెనక వచ్చే 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) పొడిగింపు గురించి. ఫీజులు, ఫారాల ఎడిషన్లు మారుతుంటాయి కాబట్టి పంపే రోజు యూఎస్‌సీఐఎస్ (ఈ దరఖాస్తులు చూసే అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ) సైటులో ఒకసారి సరిచూసుకోండి.

ముందు తేల్చుకోవలసినవి

ఓపీటీ ఒక్కో స్థాయికి పన్నెండు నెలలే. బ్యాచిలర్స్‌కు ఒకసారి, మాస్టర్స్‌కు ఒకసారి, పీహెచ్‌డీకి ఒకసారి. హైదరాబాదులో చేసిన బీటెక్ ఈ లెక్కలోకి రాదు. ఒక మాస్టర్స్ మీద ఓపీటీ వాడేసి, రెండో మాస్టర్స్‌లో చేరితే మళ్లీ పన్నెండు నెలలు రావు. ‘ఇంకో ఎమ్మెస్ కట్టెయ్, మళ్లీ ఓపీటీ వస్తుంది’ అని చెప్పేవాళ్లకు ఈ సంగతి తెలియకైనా ఉండాలి, మీకు తెలియదని తెలిసైనా ఉండాలి.

సీపీటీ (చదువుతుండగానే కోర్సులో భాగంగా చేసే పని) వాడినవాళ్లు దాని లెక్క తీసుకోండి. అదే స్థాయిలో ఫుల్‌టైమ్ సీపీటీ పన్నెండు నెలలు నిండితే ఆ స్థాయి ఓపీటీ మొత్తం పోతుంది. వారానికి ఇరవై గంటలకు మించకపోతే అది పార్ట్‌టైమ్ సీపీటీ, దానివల్ల ఓపీటీకి నష్టం లేదు. పాత ఐ-20లలో (విశ్వవిద్యాలయం ఇచ్చే అర్హత పత్రాలు) రెండో పేజీ తీసి, ఫుల్‌టైమ్ అని ఉన్న రోజులన్నీ కూడి చూసుకోండి. రెండు వేర్వేరు కంపెనీల్లో చేసినా కలిపే లెక్కిస్తారు.

ఇక చివరి సెమిస్టర్. డిగ్రీకి ఒకటి రెండు కోర్సులే మిగిలితే ఫుల్‌లోడ్ తీసుకోనక్కర్లేదు, కానీ సెమిస్టర్ మొదలు కాకముందే డీఎస్‌ఓ దగ్గర రెడ్యూస్డ్ కోర్స్ లోడ్ అనుమతి సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు వ్యవస్థ) ఎక్కించుకోవాలి. మిగిలింది ఒక్క కోర్సే అయితే దాన్ని పూర్తిగా ఆన్‌లైన్లో తీసుకోకూడదు, తరగతి గదిలో కూర్చునేది కావాలి. ఈ ఒక్క పొరపాటు వల్ల స్టేటస్ పోతే, దాని మీద నిలబడే ఓపీటీ కూడా పోయినట్టే.

ఐ-20లో ఆ ఒక్క తేదీ

లెక్కలన్నీ ఐ-20 మొదటి పేజీలో ఉండే ప్రోగ్రామ్ ముగింపు తేదీ నుంచి మొదలవుతాయి. అది కాన్వొకేషన్ రోజు కాదు, డిగ్రీ పట్టా చేతికొచ్చే రోజు కాదు, చివరి పరీక్ష రోజూ కానక్కర్లేదు. ఐ-20 ఇచ్చినప్పుడు అంచనాగా వేసిన తేదీ అందులో అలాగే ఉండిపోయి ఉండొచ్చు. మీరు మే నెలలో ముగిస్తుంటే అందులో డిసెంబరు అని ఉండొచ్చు. అలా ఉంటే ఓపీటీ అడిగే ముందే డీఎస్‌ఓతో తేదీ మార్పించుకోవాలి.

ఇప్పుడు ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. ప్రోగ్రామ్ ముగింపు మే 8 అనుకోండి.

- దరఖాస్తు తలుపు తెరుచుకునేది 90 రోజుల ముందు: ఫిబ్రవరి 7.
- మూసుకునేది 60 రోజుల తర్వాత: జులై 7. ఆ రోజుకు ఫారం యూఎస్‌సీఐఎస్‌కు చేరి ఉండాలి, పోస్టులో వేసి ఉంటే చాలదు.
- ఓపీటీ ప్రారంభ తేదీగా మీరు అడగగలిగేది: మే 9 నుంచి జులై 7 లోపు ఏ రోజైనా.
- వీటన్నిటికీ తోడు, డీఎస్‌ఓ సెవిస్‌లో సిఫారసు ఎక్కించిన రోజు నుంచి 30 రోజుల్లోపు ఫారం చేరాలి.

30, 60 రోజుల గడువుల్లో ఏది ముందు వస్తే అదే మీ గడువు. సిఫారసు జూన్ 25న వచ్చిందనుకోండి, ముప్పై రోజులు జులై 25 దాకా ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ జులై 7కే తలుపు పడిపోతుంది. మార్చి 1న సిఫారసు వస్తే మాత్రం మార్చి 31 దాటకూడదు, దాటితే ఆ సిఫారసు రద్దు చేయించి కొత్తది వేయించుకోవాలి.

ప్రారంభ తేదీ: తొందరపడి రాసేది కాదు

ఫారంలో రెండు నిమిషాల్లో నింపేసే గడి ఇది. ఏడాది మొత్తాన్ని శాసించేదీ ఇదే. ఎందుకో చూడండి.

ఓపీటీలో ఉద్యోగం లేకుండా గడపగలిగేది మొత్తం 90 రోజులు. ఈ లెక్క మొదలయ్యేది కార్డు (ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు) మీద ఉన్న ప్రారంభ తేదీ నుంచి. శని, ఆది, పండగ సెలవులు అన్నీ కలిసే. మే 9 అడిగి, అదే తేదీతో కార్డు వచ్చి, ఉద్యోగం దొరకకపోతే తొంభయ్యో రోజు ఆగస్టు 6. అదే జులై 7 అడిగి ఉంటే తొంభయ్యో రోజు అక్టోబరు 4. అంటే చేతిలో ఆఫర్ లేనివాళ్లకు ఆ గడిలో రాసే ఒక్క తేదీతో దాదాపు రెండు నెలల ఊపిరి దొరుకుతుంది. ఆఫర్ ఉన్నవాళ్లు మాత్రం చేరే తేదీకి సరిపోయేలా అడగాలి, ఎందుకంటే కార్డు మీద తేదీ రాకముందు ఒక్క రోజు పనిచేసినా అది అనధికార ఉద్యోగమే.

ఆలస్యంగా పెట్టడంలో ఇంకో లాభం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. స్టెమ్ జాబితాలో లేని కోర్సు చదివినవాళ్లకు హెచ్-1బీ లాటరీకి దొరికేది ఒక్కోసారి ఒకే అవకాశం. లాటరీ తగిలాక కంపెనీ పిటిషన్ వేసే కాలం మామూలుగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఆ పిటిషన్ పడే నాటికి ఓపీటీ బతికి ఉంటేనే క్యాప్-గ్యాప్ (ఓపీటీ ముగిశాక హెచ్-1బీ మొదలయ్యేదాకా ఉండే రక్షణ) కింద పని కొనసాగించే వీలుంటుంది. మే 9న మొదలైన ఓపీటీ మరుసటి ఏడు మే 8న ముగుస్తుంది, కంపెనీ లాయరు జూన్‌లో ఫైల్ చేస్తే మీరు అప్పటికే ఇంట్లో కూర్చుని ఉంటారు. జులై 7న మొదలైంది జులై 6 దాకా ఉంటుంది, మూడు నెలలూ కవరవుతాయి. 2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనతో క్యాప్-గ్యాప్ రక్షణ అక్టోబరు 1 నుంచి మరుసటి ఏప్రిల్ 1 వరకూ పెరిగింది కూడా.

మరి అందరూ చివరి తేదీయే పెట్టెయ్యొచ్చుగా అంటే, అక్కడ ఒక మెలిక. ఓపీటీ మొత్తం ప్రోగ్రామ్ ముగిసిన 14 నెలల్లోపు అయిపోవాలి. మీరు జులై 7 అడిగి, అనుమతి ఆగస్టు 20న వస్తే కార్డు ఆగస్టు 20 నుంచి మొదలవుతుంది, ముగింపు మాత్రం ఆ 14 నెలల గీత దాటదు. పోయిన వారాలు పోయినట్టే. కాబట్టి తేదీ ఆలస్యంగా అడగండి, దరఖాస్తు మాత్రం తలుపు తెరుచుకున్న వారంలోనే పడెయ్యండి.

ఐ-765 (ఓపీటీ దరఖాస్తు ఫారం) పంపడం, వరస ప్రకారం

1. విశ్వవిద్యాలయం అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో ఓపీటీ అభ్యర్థన పెట్టండి. అడ్వైజర్ సంతకం, ముగింపు తేదీ ధ్రువీకరణ అడుగుతారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ ఆఫీసుల్లో రద్దీ ఉంటుంది, ఒకటి రెండు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు.

2. కొత్త ఐ-20 చేతికి రాగానే రెండో పేజీ చూడండి. ఓపీటీ అభ్యర్థన, మీరు అడిగిన తేదీలు అక్కడ ఉండాలి. మొదటి పేజీలో మీ సంతకం పెట్టి తేదీ వెయ్యండి. సంతకం లేని ఐ-20ను అప్‌లోడ్ చెయ్యడం, సిఫారసు లేని పాత ఐ-20ను అప్‌లోడ్ చెయ్యడం, ఈ రెండే యూఎస్‌సీఐఎస్ నుంచి ప్రశ్నలు రావడానికి తేలికైన దారులు. కొత్త ఐ-20 రాకముందే ఫారం పంపేస్తే ఇంకా ప్రమాదం, తిరస్కరించి ఫీజు ఉంచేసుకుంటారు.

3. మై యూఎస్‌సీఐఎస్‌లో సొంత ఖాతా తెరవండి. ఎవరో స్నేహితుడి మెయిల్‌తో, కన్సల్టెన్సీ వాళ్ల మెయిల్‌తో తెరవొద్దు. రసీదు, ప్రశ్నలు, అనుమతి నోటీసు అన్నీ అందులోకే వస్తాయి. సగం నింపి వదిలేసిన ఫారం 30 రోజులు ముట్టుకోకపోతే చెరిగిపోతుంది.

4. కేటగిరీ: చదువయ్యాక ఓపీటీకి సీ-3-బీ. చదువుతుండగా వాడేదానికి సీ-3-ఏ, స్టెమ్ పొడిగింపుకు సీ-3-సీ. జాబితాలో ఇవి ఒకదాని కింద ఒకటి ఉంటాయి, వేలు జారితే దరఖాస్తు మొత్తం జారుతుంది.

5. ఐ-94ను (దేశంలోకి వచ్చినప్పటి ప్రవేశ రికార్డు) సీబీపీ (సరిహద్దు భద్రతా శాఖ) సైటు నుంచి అదే రోజు కొత్తగా దించుకోండి. పదకొండు అక్షరాల నంబరు, ప్రవేశ తరగతి ఎఫ్-1 అని ఉన్నాయా చూడండి. గడువు దగ్గర డీ/ఎస్ అని ఉంటే స్టేటస్ నిలిచినంత కాలం అని అర్థం. దీని బదులు నిర్ణీత గడువు పెట్టాలని 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ప్రతిపాదన తెచ్చింది కాబట్టి, సీనియర్ల ఐ-94లో ఏముందో కాక మీ దాంట్లో ఏముందో అదే చూసుకోండి.

6. జత చేసేవి: రెండంగుళాల చదరపు ఫొటో, తెల్ల నేపథ్యం, కళ్లజోడు లేకుండా, పాస్‌పోర్టు ఫొటో పేజీ, ఐ-94, సంతకం చేసిన కొత్త ఐ-20, ఇంతకుముందు ఈఏడీ కార్డు ఉంటే రెండు వైపులా, సీపీటీ వాడి ఉంటే ఆ ఐ-20లు. బ్యాంకు స్టేట్‌మెంటు, ఆఫర్ లెటర్ అక్కర్లేదు. ఓపీటీ అడగడానికి ఉద్యోగం ఉండనక్కర్లేదు.

7. ఫీజు ఆన్‌లైన్లో 470 డాలర్లు, కాగితం మీద 520, 2024 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రేట్లు ఇవి. ఆన్‌లైన్లోనే పంపండి, చెల్లించిన నిమిషాల్లో రసీదు నంబరు వస్తుంది, చేరిందా లేదా అనే గుబులు ఉండదు.

ప్రీమియం ప్రాసెసింగ్ కావాలంటే ఐ-907 అదనం. 1,685 డాలర్లు ఉండేది, 2026 మార్చి 1 నుంచి 1,780. ఇచ్చే హామీ 30 పనిదినాల్లో ఏదో ఒక చర్య తీసుకుంటామని, అంతేగాని అనుమతి అని కాదు. ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టినవాళ్లు దీనికి డబ్బు తగలెయ్యనక్కర్లేదు. జూన్ నెలాఖరులో పెట్టి, జులైలో చేరే ఆఫర్ ఉన్నవాళ్లకు మాత్రం పనికొస్తుంది. మొదట మామూలుగా వేసి, ఆలస్యమైతే మధ్యలోనైనా ప్రీమియానికి మార్చుకోవచ్చు.

ఇంటిపేరు చిక్కు

మనవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే బాధ ఇది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, మొత్తం పేరు ‘గివెన్ నేమ్’లో రాయించుకున్నవాళ్లు చాలామంది. అలాంటి పాస్‌పోర్టుకు అమెరికా వీసా మీద మొత్తం పేరూ ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే ‘మొదటి పేరు తెలియదు’. ఇక అక్కడి నుంచి బ్యాంకులో ఒక పేరు, డ్రైవింగ్ లైసెన్సులో ఒక పేరు, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఒక పేరు.

ఐ-765లో మీ ఇష్టం వచ్చినట్టు పేరును విడగొట్టకండి. పాస్‌పోర్టు, ఐ-20, ఐ-94 పక్కపక్కన పెట్టి, ఇమ్మిగ్రేషన్ కాగితాల మీద ఏ వరసలో ఉందో అదే వరసలో రాయండి, మిగతా రూపాలను ‘వాడిన ఇతర పేర్లు’ అనే గడిలో చేర్చండి. ఇంకా ఇండియాలోనే ఉండి ఇది చదువుతున్నవాళ్లకు మందు తేలిక: ఐ-20 తెప్పించుకోకముందే పాస్‌పోర్టు రీఇష్యూకి పెట్టి ఇంటిపేరు విడిగా రాయించుకోవడం.

సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్లు, అంటే క్యాంపస్‌లో ఒక్కరోజూ పని చెయ్యనివాళ్లు, ఇదే ఫారంలో దానికీ అడగొచ్చు. తల్లిదండ్రుల పేర్లు రాయాలి, అంతే.

కార్డు వచ్చేదాకా

ప్రోగ్రామ్ ముగింపు తేదీతో క్యాంపస్ ఉద్యోగం ఆగిపోతుంది. ఓపీటీ పెండింగులో ఉందిగా అని ల్యాబులో ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) పని కొనసాగించడం, ప్రొఫెసరు మాట కాదనలేక ఇంకో రెండు వారాల జీతం తీసుకోవడం, రెండూ అనధికార ఉద్యోగం కిందికే వస్తాయి.

కార్డు పోస్టులో వస్తుంది. అద్దె ఇళ్లు ఖాళీ చేసే మే, జూన్ నెలల్లోనే అది రావడం మన దురదృష్టం. పోస్టాఫీసులో ఫార్వర్డింగు పెట్టినా ఈ కవర్లు కొత్త చిరునామాకు మళ్లవు, వెనక్కి పోతాయి. కనీసం ఆరు నెలలు మారరని గ్యారంటీ ఉన్న బంధువుదో స్నేహితుడిదో చిరునామా ఇచ్చి, ‘కేరాఫ్’ గడిలో మెయిల్‌బాక్స్ మీద ఉండే వాళ్ల పేరు రాయండి. మధ్యలో మారక తప్పకపోతే యూఎస్‌సీఐఎస్ ఖాతాలో చిరునామా వెంటనే మార్చి, పది రోజుల్లోపు డీఎస్‌ఓకూ చెప్పాలి.

చేతికి రాగానే కార్డు మీద పేరు, పుట్టినరోజు, కేటగిరీ సీ03బీ, రెండు తేదీలు చూడండి. తప్పు వాళ్లదైతే ఉచితంగా సరిచేస్తారు.

తొంభై రోజులు, పోర్టల్, రుజువులు

ప్రారంభ తేదీ దాటాక సెవిస్ నుంచి ఎస్‌ఈవీపీ పోర్టల్‌లో (ఓపీటీలో ఉన్నవాళ్లు ఉద్యోగం, చిరునామా వివరాలు ఎక్కించే సైటు) ఖాతా తెరవమని మెయిల్ వస్తుంది. స్పామ్ ఫోల్డరూ చూడండి, ఆ లింకు కొద్దిరోజులకే మురిగిపోతుంది. విశ్వవిద్యాలయం మెయిల్ డిగ్రీ అయ్యాక మూతపడేదైతే ముందే డీఎస్‌ఓకు సొంత మెయిల్ ఇచ్చి ఉంచండి. ఉద్యోగంలో చేరినా, మానేసినా, ఇల్లు మారినా పది రోజుల్లోపు అక్కడ ఎక్కించాలి. ఉద్యోగం చేస్తూ కూడా పోర్టల్‌లో ఎక్కించకపోతే సెవిస్ దృష్టిలో మీరు నిరుద్యోగే. 2025 మేలో ఇలా 90 రోజులు దాటినా ఉద్యోగం వివరాలు కనిపించనివాళ్లకు, పదిహేను రోజుల్లో సరిచేయకపోతే రికార్డు ముగుస్తుందని నోటీసులు వెళ్లాయి.

ఉద్యోగం అంటే వారానికి కనీసం ఇరవై గంటలు, చదివిన సబ్జెక్టుకు సంబంధించింది. ఈ మొదటి పన్నెండు నెలల్లో జీతం లేని ఇంటర్న్‌షిప్, వాలంటీరు పని కూడా చెల్లుతుంది, కార్మిక చట్టాలకు విరుద్ధం కానంతవరకు. అలా చేస్తే లెటర్‌హెడ్ మీద చేరిన తేదీ, వారానికి గంటలు, పని వివరం, సూపర్‌వైజరు పేరుతో ఉత్తరం తీసుకుని దాచుకోండి.

పోర్టల్‌లో ‘ఈ పనికి మీ చదువుతో సంబంధం ఏమిటి’ అనే గడి ఉంటుంది. ‘సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను’ అని రాసి వదిలేస్తారు. అది హోదా, సంబంధం కాదు. ఇలా ఉండాలి, ఇంగ్లిషులో: ‘కంప్యూటర్ సైన్స్‌లో ఎమ్మెస్ చేశాను. ఆసుపత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో డేటాబేస్ క్వెరీల వేగం పెంచడం, జావాలో ఏపీఐలు రాయడం నా పని. డేటాబేస్ సిస్టమ్స్, ఆల్గారిథమ్స్ కోర్సుల్లో నేర్చుకున్నదాన్ని రోజూ ఇందులో వాడుతున్నాను.’ మూడు వాక్యాలు చాలు. ఇదే పాఠం రేపు హెచ్-1బీ ప్రశ్నల్లో, స్టాంపింగ్ ఇంటర్వ్యూలో మళ్లీ అడుగుతారు, కాపీ దగ్గరుంచుకోండి.

తొంభై రోజులు దగ్గరపడుతుంటే ఏం చెయ్యాలి? ఎనభయ్యో రోజున కాదు, అరవయ్యో రోజునే ఆలోచించండి. సంబంధిత రంగంలో లాభాపేక్ష లేని సంస్థలో ఇరవై గంటల వాలంటీరు పని, ప్రొఫెసరు దగ్గర జీతం లేని రీసెర్చి, లేదా పై స్థాయి చదువుకు సెవిస్ బదిలీ, ఇవి నిజమైన దారులు. లేని ఉద్యోగం ఉన్నట్టు చూపించడం దారి కాదు.

‘ఓపీటీ పెడతాం’ అనే కన్సల్టెన్సీల సంగతి

నిజంగా ప్రాజెక్టులిచ్చే కన్సల్టెన్సీలు ఉన్నాయి. వాటిని తక్కినవాటి నుంచి వేరుచేసే ప్రశ్నలు నాలుగే. పని ఏమిటి, ఎవరు చూస్తారు, జీతం పేస్లిప్పుతో వస్తుందా, ఆఫర్ లెటర్ కోసం మీరు డబ్బు కట్టాలా. చివరిదానికి అవును అన్నారంటే అక్కడితో ఆపండి. బెంచి మీద కూర్చోబెట్టి, జీతం లేకుండా, ‘పోర్టల్‌లో మా పేరు వేసుకో’ అన్నారంటే ఆ రోజులు నిరుద్యోగం రోజులే. పైగా అధికారి ముందు అబద్ధం చెప్పినట్టు రికార్డవుతుంది, అది గ్రీన్ కార్డు దాకా వెంటాడుతుంది. రెజ్యుమెలో ఆరేళ్ల అనుభవం అల్లి, ఇంటర్వ్యూలో వేరొకరిని మాట్లాడించే వ్యవహారం కూడా ఇంతే. మీ ఐ-20లో తేదీలు చూస్తే మీరు ఎప్పుడు ఏం చేశారో తెలిసిపోతుంది.

తరగతులు లేని కాలేజీల మీద స్టేటస్ నిలుపుకోవచ్చనే మాట కూడా వినిపిస్తుంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ మీద సోదాలు జరిగాయి, దెబ్బతిన్నవాళ్లలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలే ఎక్కువ. 2019 మొదట్లో మిషిగన్‌లో బయటపడ్డ ఫార్మింగ్టన్ అయితే అధికారులే వల కోసం పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం, దాదాపు 130 మంది విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు, అందులో తెలుగువాళ్లు చాలామంది. మొదటిరోజు నుంచే సీపీటీ ఇచ్చే రెండో మాస్టర్స్ అన్నీ చట్టవిరుద్ధం అనలేం. కానీ మీరు నిజంగా తరగతులకు వెళ్తున్నారని, ఆ పని ఆ కోర్సులో భాగమని మీరే రుజువు చూపించాల్సి వస్తుంది. నెలకు ఒక వారాంతం మాత్రమే క్లాసు, అదీ ఇంటికి వెయ్యి మైళ్ల దూరంలో ఉంటే, ఆ రుజువు ఎంత నిలుస్తుందో ఆలోచించుకోండి.

స్టెమ్ పొడిగింపు

24 నెలలు. అర్హత మీ ఐ-20లో ఉండే సీఐపీ కోడు (కోర్సు ఏ రంగానికి చెందిందో చెప్పే నంబరు) మీద ఆధారపడుతుంది, కోర్సు పేరు మీద కాదు. ‘బిజినెస్ ఎనలిటిక్స్’ పేరుతో ఒకచోట స్టెమ్ కోడు, ఇంకోచోట కాని కోడు ఉండొచ్చు. ఇది నిజానికి అడ్మిషన్ తీసుకునేటప్పుడే చూసుకోవలసిన విషయం.

ఇక్కడ దరఖాస్తు గడువు మొదటి ఓపీటీ లాంటిది కాదు. కార్డు ముగిసే 90 రోజుల ముందు నుంచి ముగిసే రోజు లోపే చేరాలి. తర్వాత వచ్చే 60 రోజుల గ్రేస్‌లో పెట్టే వీలు లేదు. సిఫారసు వచ్చాక ఇక్కడ 60 రోజుల సమయం ఉంటుంది. సమయానికి పడితే, పాత కార్డు ముగిసినా 180 రోజుల దాకా పని కొనసాగించొచ్చు. పాత కార్డు, రసీదు, కొత్త ఐ-20 కలిపి హెచ్‌ఆర్‌కు చూపాలి.

కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, జీతం ఇవ్వాలి, వారానికి కనీసం ఇరవై గంటలు ఉండాలి. ఫారంలో అడిగేది ఈ-వెరిఫై కంపెనీ ఐడీ. చాలామంది డబ్ల్యూ-2లో (ఏడాది జీతం, పన్ను కోతల పత్రం) ఉండే తొమ్మిది అంకెల ఈఐఎన్ (కంపెనీ పన్ను నంబరు) రాసేస్తారు. ఆ ఐడీ మీకు తెలియదు, హెచ్‌ఆర్‌నే అడగాలి, కంపెనీ పేరు కూడా ఈ-వెరిఫైలో ఉన్నట్టే రాయాలి.

అసలు శ్రమ ఐ-983 శిక్షణ ప్రణాళికలో ఉంది. మీరూ మేనేజరూ కలిసి నింపాలి, డీఎస్‌ఓకు ఇవ్వాలి, యూఎస్‌సీఐఎస్‌కు కాదు. ఏం నేర్చుకుంటారు, ఎవరు పర్యవేక్షిస్తారు, ఎలా మదింపు వేస్తారు అన్నవి ఉద్యోగ ప్రకటన నుంచి ఎత్తి అతికిస్తే డీఎస్‌ఓలు వెనక్కి పంపుతారు. క్లయింటు దగ్గర పనిచేసేవాళ్లయితే మీకు నిజంగా నేర్పేది, చూసేది సంతకం పెట్టిన కంపెనీయేనా అన్న ప్రశ్నకు జవాబు అందులో కనిపించాలి. ఉద్యోగం మారితే పది రోజుల్లో కొత్త ఐ-983.

ఆపైన ప్రతి ఆరు నెలలకు డీఎస్‌ఓకు వివరాల నిర్ధారణ, ఏమీ మారకపోయినా. పన్నెండో నెలలో, చివర్లో స్వీయ మదింపు. నిరుద్యోగం రోజులు ఇక్కడ ఇంకో 60 కలిసి మొత్తం 150 అవుతాయి, మొదటి ఏడాదిలో వాడినవి అందులోంచే తగ్గుతాయి.

ఇంటికి వెళ్లి రావాలంటే

ఓపీటీలో ఉండగా తిరిగి రావడానికి కావలసినవి: పాస్‌పోర్టు, గడువున్న ఎఫ్-1 వీసా, ఈఏడీ కార్డు, ఉద్యోగపు ఉత్తరం, ఐ-20 మీద ఆరు నెలల్లోపు వేయించుకున్న ప్రయాణ సంతకం. చదివే రోజుల్లో ఏడాది చెల్లే సంతకం ఓపీటీలో ఆరు నెలలే చెల్లుతుంది.

వీసా స్టాంపు ముగిసి ఉంటే మాత్రం నిదానం. 2025 సెప్టెంబరు 2 నుంచి విద్యార్థి వీసా పునరుద్ధరణకు డ్రాప్‌బాక్స్ వెసులుబాటు పోయింది, ఇంటర్వ్యూకు వెళ్లాలి. స్లాట్ దొరక్క నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ చుట్టూ ఎదురుచూస్తూ అక్కడ గడిపే రోజులు, కంపెనీ సెలవు ఇచ్చి ఉంచకపోతే నిరుద్యోగం లెక్కలోకే వెళ్తాయి. తప్పని ప్రయాణం అయితే వెళ్లండి, పెళ్లిళ్లకూ పండగలకూ అయితే హెచ్-1బీ తేలేదాకా ఆగడం మేలు. అమెరికాలో ఏదైనా పోలీసు కేసు నమోదై ఉంటే, దుకాణంలో చిన్న వస్తువు తీసిన కేసైనా సరే, కొట్టివేసినా సరే, ఇమ్మిగ్రేషన్ లాయరును కలవకుండా దేశం దాటొద్దు. 2025 వసంతంలో సెవిస్ రికార్డులు ఒక్కసారిగా ముగించినప్పుడు కొట్టేసిన కేసులు, ట్రాఫిక్ కేసులు ఉన్నవాళ్లు కూడా అందులో చిక్కుకున్నారు. కోర్టులకెక్కాక ఏప్రిల్ చివర్లో వాటిని పునరుద్ధరించారు.

మొదటి జీతం చీటీ

ఎఫ్-1లో మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కల్లో మీరు నాన్-రెసిడెంట్. కాబట్టి సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం కోత పడకూడదు. పేరోల్ వాళ్లకు తెలియక కోసేస్తుంటారు. మొదటి పేస్లిప్పులోనే చూసి అడగండి, వెనక్కి ఇవ్వకపోతే ఫారం 843తో ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) నుంచి రాబట్టుకోవచ్చు. సంవత్సరాలు లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్త: 2022 డిసెంబరు 28న దిగినా 2022 ఒక పూర్తి సంవత్సరమే. అలా వచ్చినవాళ్లకు 2026తో అయిదూ నిండుతాయి, 2027లో ఆ కోత మొదలవుతుంది.

రిటర్ను 1040-ఎన్‌ఆర్ మీద, దానికి జతగా 8843, ఏప్రిల్ 15 లోపు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం కింద మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, మిగతా చాలా దేశాల వాళ్లకు లేని సౌకర్యం ఇది. సాధారణ సాఫ్ట్‌వేర్లలో రెసిడెంట్ రిటర్ను వేసేస్తే ఎక్కువ రిఫండు వచ్చినట్టు కనిపిస్తుంది. తర్వాత దాన్ని సవరించడానికి 1040-ఎక్స్ వెయ్యాలి.